పరాయి చెరువులో చేప ముట్టని గూడబాతు

నేను చెప్పే ఏ సంగతినైనా నీళ్ళు ఓడ్చి తూచుకోండి. మా కొల్లేరు వైపు వలలోంచి తీసిన చేపను అలాగే కాటా మీద పడేస్తే ఆ బరువులో కాస్త చెరువు కూడా ఉంటుంది. నా మాటల్లో చేప కంటే చెరువే ఎక్కువ. ఇది ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. మా ఆవిడకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది. "ఇంటికి పదిమందిని తీసుకొస్తున్నా" అని ఆఫీసు నుంచి ఫోన్ చేస్తే ఆవిడ ముగ్గురికి సరిపడా ఉప్మా చేస్తుంది. అప్పుడు కూడా కొంచెం మిగులుతుంది.

ఇంత ముందుగా ఎందుకు ఒప్పుకుంటున్నానంటే, ఇప్పుడు చెప్పబోయే మనిషిని ఉన్నది ఉన్నట్టు చెప్పినా మీరు నమ్మరు. ఎలాగూ నమ్మనప్పుడు పెంచకుండా ఉండటం దేనికని అక్కడక్కడ పెంచాను కూడా. ఆయన పేరు మాత్రం రాయను. పేరు నలుగురి నోళ్ళలో పడితే చెరువుకి దిష్టి అని ఆయన నమ్మకం.

పోయిన వారం కాఫీ తాగుతూ కంప్యూటర్ తెరిచాను. నేను నెలనెలా చందా కట్టే ఆటల సంస్థవాళ్ళు ఒక ప్రకటన పెట్టారు: ఇదివరకు జాబితాలోంచి వెళ్ళిపోయిన కొన్ని ఆటలు మళ్ళీ వచ్చాయట. ఆ వరసలో ఒక బొమ్మ. పసుపు ముక్కు, ముక్కు కింద సంచి, బిత్తరచూపులు చూస్తున్న గూడబాతు పిల్ల. కాఫీ పొలమారింది. కాఫీ ముక్కులోంచి ఎగిరి ఎదుటి గోడ మీద పడిందని రాద్దామనుకున్నాను. పడింది కీబోర్డు మీదేనండి. ఆ పక్షిని నాకు చూపించింది పేరు రాయనన్న ఆయనే.

నా సంగతి కాస్త చెప్పాలి. ఏలూరులో ఒక బీమా ఆఫీసులో గుమాస్తాను. యాభై దాటాయి. ఈ వయసులో మా ఆఫీసులో కొందరు భూములు కొంటున్నారు, కొందరు దీక్షలు తీసుకుంటున్నారు, నేను కంప్యూటర్లో ఆటలాడతాను. నడుంనొప్పికి డాక్టరు రాశాడని చెప్పి ఎర్రచారల గేమింగ్ కుర్చీ కొన్నాను. ఆ కుర్చీ చూసిన చుట్టాలు మా ఇంట్లో ఎవరో పళ్ళ డాక్టరు ఉన్నాడనుకుంటారు.

చందా సంగతి నా మతం. నెలకింత కడితే కొన్ని వందల ఆటలు తలుపులు తీసుకుని కూర్చుంటాయి. చందాను ఆటలతో భాగిస్తే ఒక్కో ఆట వేరుశనగ గింజ ఖరీదు కూడా కాదని ఆఫీసులో ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. అందులో ఎన్ని పూర్తిచేశానని మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. నేను నిజంగా ఆడింది ఆటల్ని కాదు, జాబితాని. సాయంత్రం కూర్చుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసుకుంటూ, ఇది బాగుందని దించుకుని, చోటు చాలక అది తీసేసి, ఇంకోటి దించుకుని, అది దిగేలోపు భోజనానికి పిలిస్తే లేచి వెళ్ళేవాణ్ణి.

నాకు ఎదురు పార్టీ ప్రభుదాసు మాస్టారు. తాడేపల్లిగూడెంలో జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతారు. ఆదివారం చర్చిలో పాటల బృందంతో పాడి, మధ్యాహ్నం రైలెక్కి మా ఇంటికొస్తారు. ఆయనకు పెద్ద కంపెనీల ఆటలు గిట్టవు. ఇద్దరో ముగ్గురో ఇంట్లో కూర్చుని చేసుకునే చిన్న ఆటలే ఆటలంటారు. అవి కూడా కొనుక్కునే ఆడాలి.

"చందా అంటే పెళ్ళిభోజనమండీ. అన్నీ వడ్డిస్తారు. చేయి కడుక్కున్నాక ఏం తిన్నామో గుర్తుండదు" అనేవారు.

"కొనడమంటే మీకొచ్చే జీతమంతా ఒక్క కూరకే పెట్టడం" అని నేను.

ఇలా కోడిపుంజుల్లా ఉన్న మా ఇద్దరి మధ్యకు, పేరు రాయనన్నానే, ఆయన వచ్చారు.

ఏలూరులో ఒక కంప్యూటర్ షాపులో మొదటిసారి చూశాను. నేను ఏటా ఒకసారి అక్కడికి వెళ్ళి గ్రాఫిక్స్ కార్డు రేటు అడిగి వస్తుంటాను. కొనడానికి కాదు, దూరపు చుట్టాన్ని పలకరించినట్టు. అప్పుడు ఒకాయన లోపలికొచ్చారు. లుంగీ ఎత్తికట్టు, భుజం మీద తువ్వాలు, మోకాళ్ళ దాకా ఎండిన బురద. మోకాళ్ళ దాకా అన్నాను కదా, చీలమండల దాకా అని చదువుకోండి. అద్దాల అరలో ఉన్న పెద్ద కార్డుని వేలుపెట్టి చూపించారు.

"ఏవండీ, దీనికి ఏరియేటర్లు ఎన్నండీ?"

షాపతను నోరు తెరిచాడు. చేపల చెరువులో గాలి ఆడటానికి నీళ్ళు చిలికే రెక్కల యంత్రాన్ని ఏరియేటర్ అంటారు. ఈయన కార్డు మీది ఫ్యాన్ల సంగతి అడుగుతున్నారు.

"మూడండీ" అన్నాడు షాపతను తేరుకుని.

"మూడూ ఒకేసారి తిరుగుతాయా? ఒకటి పడిపోతే మిగతా రెండూ లాగుతాయా? మాది రేకుల షెడ్డండీ. ఎండాకాలం ఉడికిపోద్ది."

నేను పక్కకు తిరిగి నవ్వాను. నవ్వి తిరిగేసరికి ఆయన ఆ కార్డు కొనేసి సంచిలో పెట్టుకుంటున్నారు. నేను రేటు అడిగినవాణ్ణి అడిగినట్టే ఉన్నాను. ఉడుక్కుని మాట కలిపాను.

"మాది అభయారణ్యం బయటండీ" అన్నారు మొదటగా. ఊరు అడిగితే ఆ మాటే చెప్పేవారు. కొల్లేట్లో పక్షుల కోసం చేపల చెరువులు నిషేధించిన జాగాలో తను చేసే చెరువు లేదని దాని అర్థం. మందుల షాపులో జ్వరం బిళ్ళ అడిగేముందు కూడా ఇదే చెప్పడం నేను విన్నాను. సొంత చెరువు లేదు, ఎప్పుడూ లీజుకే చేశారు. గుండుగొలను దాటి లోపలికి వెళ్తే ఆయన గట్టు. పగలంతా అక్కడే కాపలా, షెడ్డులో కంప్యూటరు.

"ఆటలు ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగారు. నేను చందా మహిమ మీద ఒక ఉపన్యాసం దంచాను. శ్రద్ధగా విన్నారు.

"అంటే లీజండీ."

"లీజు కాదండీ, చందా."

"గడువుంటాదా?"

"నెలనెలా కట్టుకోవాలి."

"కట్టకపోతే?"

"ఆటలు కనపడవు."

"మరి అప్పటిదాకా మనం పెంచింది?"

"...అదీ కనపడదండీ."

"లీజేనండీ" అన్నారాయన, పాత స్నేహితుడు కనపడినట్టు నవ్వి. ఆ రోజే చందా కట్టారు. నా ఉపన్యాసానికి జీవితంలో పడిన ఒకే ఒక్క చేప అది.

ఆదివారాలు మా మకాం ఆయన షెడ్డుకి మారింది. ఆయన నిలబడి ఆడేవారు. కిటికీకి ఎదురుగా బల్ల, బల్ల మీద తెర, తెర పైనుంచి చూస్తే చెరువు. కూర్చుంటే చెరువు కనపడదు. ఆడుతూ ఆడుతూ తల ఎత్తేవారు. గూడబాతుల గుంపు నీళ్ళ మీద వాలుతుంటే చేతిలోని కంట్రోలర్ బల్ల మీద పెట్టి, బయటికెళ్ళి ఒక టపాకాయ వెలిగించేవారు. ఢామ్మని పేలగానే పక్షులు లేచి పక్క చెరువు మీదకు పోయేవి. కాసేపటికి పక్క చెరువు గట్టు మీంచి ఢాం. అవి మళ్ళీ ఇటు. మా జిల్లాలో గూడబాతులు సొంతంగా ఎగరడం మర్చిపోయాయని, టపాకాయల మీదే ప్రయాణం చేస్తున్నాయని నా సిద్ధాంతం.

ఒక ఆట అయ్యేదాకా ఇంకోటి ముట్టేవారు కాదు. నా కంప్యూటర్లో సగం సగం ఆడిన ఆటలు చూసి భయపడిపోయారు. "ఇన్ని చెరువుల్లో చేపపిల్లేసి ఎక్కడికెళ్ళిపోయారండీ మీరు! మేతెవరేస్తున్నారు?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. పట్టింది, కానీ ఆలస్యంగా పట్టింది.

ఆట చివరి ఘట్టం మాత్రం ఒంటరిగా ఆడేవారు కాదు. చేపలు పట్టే రోజుని మావైపు పట్టుబడి అంటారు. ఆ రోజు గట్టు మీద నలుగురు నిలబడాలి, నిలబడిన వాళ్ళకు తలా ఒక సంచిలో కూరచేపలు ఇచ్చి పంపాలి. ఆయన ఆటలకూ అదే వరస పెట్టారు. చివరి ఘట్టం రాగానే ఆపేసి ఫోన్ చేసేవారు. "ఆదివారం పట్టుబడండీ. మాస్టారిని కూడా రమ్మనండి." మేం ఆయన వెనక నిలబడితేనే ఆడేవారు.

"ఒక్కణ్ణీ పడితే దొంగతనంలాగుంటాదండీ" అనేవారు.

ఆ గట్టుకి ఒక కట్టుబాటు ఉంది: ఎంత పడుతుందని ముందుగా నోరెత్తి అడక్కూడదు, అనకూడదు. ఒకసారి మాస్టారు ఉండబట్టలేక, "ఇంకేముందండీ, ఈ రాక్షసుడికి ఒక్క దెబ్బ చాలు" అన్నారు. ఆ రాక్షసుడే ఆడుతున్న ఆయన్ని ఒక్క దెబ్బలో చంపాడు. ఆయన చేతిలోది కింద పెట్టి వెనక్కి తిరిగి, "మాస్టారూ, మీరు కాసేపు బయట నిలబడి కొంగల్ని చూడండి" అన్నారు. పాఠం చెప్పేవాణ్ణి క్లాసు బయట నిలబెట్టడం నేను అప్పుడే చూశాను. తర్వాత ఆట గెలిచారు. మాస్టారికి శీలావతి చేప, నాకు బొచ్చె చేప ఇచ్చి పంపారు. నా చేప నా అంత ఉంది. నా చేయంత. సరే, మోచేతి దాకా.

అలాంటి మనిషి ఒకరోజు జాబితాలోంచి గూడబాతు ఆట ఎంచుకున్నారు. ఎక్కడో చలిదేశంలో ముగ్గురు కలిసి చేసిన చిన్న ఆట. గాలివానలో గుంపు తప్పిన గూడబాతు పిల్ల. ఒక పెద్ద సరస్సు దాటి, అవతల గూళ్ళు కట్టుకునే చెట్లను చేరాలి. అంతే కథ.

"మీకు ఇదేం సరదా అండీ? పగలంతా వాటిని తోలడమే కదా" అన్నాను.

"అందుకేనండీ. పైనుంచి చూస్తే మన చెరువు వాటికి ఎలా కనపడతాదో చూద్దామని."

చూశారు. కానీ చూసి చేసిన పని ఆ ఆట చేసిన ముగ్గురూ కలలో కూడా అనుకుని ఉండరు. పిల్లపక్షికి ఆకలి వేస్తుంది. సరస్సులో చేపలు తక్కువ. దారిపొడవునా మనుషులు తవ్వుకున్న చెరువులున్నాయి, వాటినిండా చేపలు. ప్రతి గట్టు మీదా వేలెడంత మనిషి ఒకడు చేతులు ఊపుతూ అరుస్తుంటాడు. వాడి కన్నుగప్పి వాలి, ఒక చేప నోట కరుచుకుని ఎగిరిపోవడమే ఆట. ఈయన వాలరు. చెరువుల మీదుగా ఎత్తుగా ఎగురుతూ పోయి, కాలవల్లో, మురుగుల్లో, గడ్డి దుబ్బుల్లో వెతుక్కుని ఏదో చిన్న పరిగె చేప దొరికితే తినిపిస్తారు. దొరక్కపోతే పస్తు. నీరసించి పడిపోతే మళ్ళీ మొదటి ఒడ్డు నుంచి మొదలు. ఎవరైనా రెండు సాయంత్రాల్లో ముగించే ఆటను ఆయన నెలల తరబడి ఆడారు.

"శక్తి ఎక్కడి నుంచో రావాలి కదండీ" అన్నారు మాస్టారు బోర్డు మీద రాస్తున్నట్టు గాల్లో వేలు తిప్పుతూ. "ఈ పక్షి ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ. ఇలాగైతే చేరదు."

"చేరాలండీ. పరాయి చెరువులో మాత్రం ముట్టుకోదు."

నేను కల్పించుకున్నాను. "ఏవండీ, అది బొమ్మ మనిషండీ. వాడికి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు."

"లేకపోతే ఎవరికోసం అలా అరుస్తున్నాడండీ?"

నేను కొత్త బాణం తీశాను. "మీ చెరువులో రోజూ దిగుతున్నాయే, వాటిలో ఒక్క గూడబాతైనా ఇలా ఆలోచిస్తోందా?"

"అదేనండీ నేననేది. ఒక్కటైనా ఉండాలి కదండీ."

అలా ఉండగా చందా వాళ్ళ ప్రకటన వచ్చింది. ఆ నెలాఖరుకి గూడబాతు ఆట జాబితాలోంచి వెళ్ళిపోతుంది. చందా గొప్పదని ఊరంతా చాటినవాణ్ణి నేనే. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "గడువన్నాక అయిపోద్దండీ" అన్నారంతే.

మాస్టారు మాత్రం ఈ రోజు కోసమే పుట్టినట్టు ముందుకొచ్చారు. "కొనేసుకోండి. మీది మీకుంటుంది. నేను చెప్తూనే ఉన్నాను."

"లీజు గడువులో పట్టలేనోడు చెరువు కొని మాత్రం ఏం చేత్తాడండీ?" అన్నారాయన. ఇన్నేళ్ళలో ఎవరి దగ్గరా ఒక్క రోజు గడువు పెంచమని అడగలేదట. వానలొచ్చినా, తెగులొచ్చినా, అన్న రోజుకి చెరువు ఖాళీ చేసి అప్పగించారట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో కాస్త గర్వం వినపడేది. ఆటల కంపెనీకి ఆయనెవరో తెలియదు, అయినా వాళ్ళ దగ్గర కూడా మాట పోకూడదు.

నెలాఖరు ఆదివారమే పడింది. "పట్టుబడండీ" అని ఫోన్ వచ్చింది. మాస్టారు చర్చిలో చివరి పాట అవ్వగానే రైలెక్కేశారు. మేం వెళ్ళేసరికి మబ్బు కమ్మేసింది. మబ్బు పడితే నీళ్ళలో గాలి తగ్గుతుంది, చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. ఆయన అప్పటికే ఏరియేటర్లన్నీ వేశారు. చెరువు సముద్రంలా ఘోషిస్తోంది. ఆ ఘోషలో ఆట మొదలైంది. మేం వెనక నిలబడ్డాం. మాస్టారు ముందుజాగ్రత్తగా జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పక్షి ఎగిరింది. ఎప్పుడూ వెళ్ళనంత దూరం వెళ్ళింది. ఒక కాలవలో చిన్న చేప దొరికింది, ఇంకో చోట ఏమీ దొరకలేదు. రెక్కలు బరువెక్కాయి. కిందికి దిగుతోంది, లేస్తోంది. చివరికి దూరంగా చెట్లు కనిపించాయి, తెల్లగా గూళ్ళు. చెట్లకూ పక్షికీ మధ్య ఒకే ఒక్క చెరువు. దాని గట్టు మీద చిన్న మనిషి. వాడు అరవడం లేదు. కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు.

ఆ చెరువు మీద పక్షి చక్కర్లు కొట్టింది. ఆయన బొటనవేలు మీట మీద ఆగి ఉంది. ఆయన వేలు దిగింది. పక్షి వాలి, ఒక్క చేప మింగి లేచింది. "ఏమనుకోకండి బాబూ" అన్నారాయన, తెర మీద ఉన్న మనిషితో. గూడబాతు చెట్లను చేరింది. మేం వేసిన కేకకు హైవే మీద లారీలు ఆగిపోయాయి. కొల్లేట్లో పక్షులన్నీ లేచి ఆకాశం నల్లబడింది.

ఆ తర్వాత వానాకాలంలో ఆయన పోయారు. గుండె. గట్టు మీద మేత వేయిస్తూ కూర్చున్నవారు అలాగే పక్కకు ఒరిగారట. పెద్దకర్మ రోజు మేమిద్దరం వెళ్ళాం. గట్టు మీద నిలబడి వచ్చేశాం.

ఇక నీళ్ళు ఓడ్చేస్తాను. లారీలు ఆగలేదు, ఆకాశం నల్లబడలేదు, అది మీరు ఎలాగూ కొట్టేసి ఉంటారు. ఏరియేటర్లు ఎన్నని అడిగింది నిజం. నిలబడి ఆడింది, టపాకాయలు, కూరచేపలు, మాస్టారిని బయట నిలబెట్టింది, అన్నీ నిజం. నెలల తరబడి పరాయి చెరువు ముట్టకపోవడం ముమ్మాటికీ నిజం.

ఆ చివరి చెరువు దగ్గర ఆయన వేలు దిగలేదు. మీట మీద అలాగే నిలిచిపోయింది. పక్షి తిరిగింది, మళ్ళీ తిరిగింది, ప్రతిసారీ కాస్త కిందికి. చెట్లకు ఇవతలే ఒక గడ్డి దిబ్బ మీద దిగి రెక్కలు ముడుచుకుంది. తెర నల్లబడి, మళ్ళీ మొదటి ఒడ్డు నుంచి మొదలుపెట్టమంది.

"ఇంకా టైముందండీ, అర్ధరాత్రి దాకా ఉంది" అన్నాను.

"ఉందండీ. పక్షికే ఓపిక లేదు" అని చేతిలోది బల్ల మీద పెట్టారు. తెర ఆపేశారు. ఓడిపోయిన మనిషిలా కనపడలేదు, గడువుకి చెరువు అప్పగించిన మనిషిలా ఉన్నారు. బయటికెళ్ళి చేపల సంచులు తెచ్చి మా చేతుల్లో పెట్టారు. మామూలు కంటే బరువుగా ఉన్నాయి.

"పట్టుబడి అవ్వలేదు కదండీ, మాకెందుకు?" అన్నాను.

"గట్టు మీద నిలబడ్డారు కదండీ."

ఇది రాయడానికి కూర్చుంటే ఆ పక్షిని ఆకలితో ఆ దిబ్బ మీద వదిలేయడానికి నాకు చేతులు రాలేదు. కాబట్టి ఇందులో నేను పెంచినవి ఎన్నున్నా, కల్పించింది ఆ ఒక్క చేపనే. అది కూడా, నా అలవాటుకి విరుద్ధంగా, చిన్నదే వేశాను.